ఇంజన్ ఆయిల్: ఇంటి ముందా, షెడ్డులోనా?

చిన్న పెట్రోలు కారు ఇంజన్‌లో మూడు, మూడున్నర లీటర్ల నూనె పడుతుంది. పెద్ద డీజిల్ బండికి ఐదారు లీటర్లు కావాలి. ఆ నూనె పిస్టన్లు, క్రాంక్, బేరింగుల మధ్య పల్చటి పొరగా నిలిచి లోహం లోహాన్ని తాకకుండా చూస్తుంది. లోపలి వేడిని మోసుకుపోతుంది. ఇంధనం మండగా మిగిలిన మసిని, అరిగిన లోహపు నుసిని తనలో కలుపుకుని ఫిల్టర్ దాకా చేరుస్తుంది. ఈ చాకిరీ చేసీ చేసీ కొన్నాళ్లకు దాని సత్తువ తగ్గుతుంది. అందుకే పది వేల కిలోమీటర్లు తిరిగినా, ఏడాది గడిచినా, ఏది ముందైతే అప్పుడు ఆయిల్ మార్చాలని ఇప్పటి పెట్రోలు కార్ల కంపెనీలు చాలావరకు చెబుతున్నాయి. మార్చడం ఎలాగూ తప్పదు. ఎవరు మార్చాలన్నదే తేల్చుకోవాలి. ఖమ్మం పట్టణంలో దీనికి ఒక జవాబు ఉంటే, గోదావరి దాటి దుమ్ముగూడెం, చర్ల వైపు వెళ్లేసరికి లెక్క మారిపోతుంది.

ఈ దారులు, ఈ దుమ్ము

ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం దాదాపు 120 కిలోమీటర్లు. ఈ దారిలో కారు ఒంటరిగా నడవదు. కొత్తగూడెం సింగరేణి సంస్థకు కేంద్రం. ఇల్లెందు, మణుగూరు, సత్తుపల్లి ఓపెన్‌కాస్టు గనుల చుట్టూ ఉన్న రోడ్ల మీద బొగ్గు టిప్పర్లు రాత్రీ పగలూ తిరుగుతాయి. పాల్వంచ థర్మల్ కేంద్రం దగ్గర బూడిద లారీలు, సారపాక కాగితం మిల్లు వైపు కర్ర లోడ్లు, ఖమ్మం చుట్టుపక్కల గ్రానైటు రాళ్ల లారీలు కనిపిస్తాయి. వాటి వెనక వెళ్లే కారు ఆ దుమ్మునంతా పీలుస్తుంది. ఎయిర్ ఫిల్టర్ చాలావరకు ఆపుతుంది. ఫిల్టర్ నిండిపోయినా, సరిగా బిగించకపోయినా సన్నని ఇసుక రేణువులు సిలిండర్‌లోకి, అక్కడినుంచి నూనెలోకి దిగుతాయి. అప్పటినుంచి అరుగుదలను ఆపాల్సిన నూనే గరుకు కాగితంలా రాపిడి మొదలుపెడుతుంది.

భద్రాచలం ఊళ్లోనే తిరిగే కార్లకు మరో రకం ఇబ్బంది ఉంది. ఇంటినుంచి బజారుకు, బజారునుంచి గుడికి రెండు మూడు కిలోమీటర్లు తిరిగి ఆగే బండిలో ఇంజన్ పూర్తిగా వేడెక్కదు. వేడెక్కకపోతే నూనెలో చేరిన నీటి ఆవిరి, మండని పెట్రోలు బయటికి పోవు. కిలోమీటర్ల లెక్కలో ఆ కారు తక్కువే తిరిగినట్టు కనిపిస్తుంది, నూనె మాత్రం చెడుతుంది. చింతూరు దాటి మారేడుమిల్లి ఘాట్ ఎక్కే టాక్సీల సంగతి దీనికి తలకిందులు. అవి గంటలకొద్దీ లోడుతో, కింది గేర్లలో నడుస్తాయి. దుమ్ము, చిన్న ప్రయాణాలు, ఘాట్లు, బరువులు, వీటన్నిటినీ కంపెనీల మాన్యువళ్లు కఠిన పరిస్థితులుగా లెక్కగడతాయి. అలాంటి వాడకానికి ఆయిల్ మార్పిడి గడువును సగానికి తగ్గించమనే మాన్యువళ్లూ ఉన్నాయి. మణుగూరు, ఇల్లెందు రోడ్ల మీద రోజూ తిరిగే బండికి పది వేల కిలోమీటర్ల మాట నమ్ముకోవడం మంచిది కాదు. ఐదు, ఆరు వేలకే మార్చడం తెలివైన పని. ఇలా మార్పిడులు రెట్టింపైతే ఖర్చూ రెట్టింపవుతుంది. సొంతంగా మార్చుకోవడం గురించి ఇక్కడివాళ్లు ఆలోచించడానికి ఇదొక కారణం.

ఎండకు చిక్కటి నూనె పోయాలా?

మే నెలలో కొత్తగూడెం, భద్రాచలం ప్రాంతాల్లో ఎండ 45 డిగ్రీలు దాటడం కొత్త కాదు. అందుకే ఇక్కడ ఒక మాట బాగా వినిపిస్తుంది: కంపెనీ చెప్పిన పల్చటి నూనె చలి దేశాలకు, మన ఎండలకు చిక్కటిదే పోయాలి అని. ఇది పొరపాటు. దీనివల్ల నష్టపోతున్నవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి కాస్త వివరంగా చెప్పుకోవాలి.

డబ్బా మీద 5డబ్ల్యూ-30 అని ఉంటే అందులో రెండు కొలతలున్నట్టు. డబ్ల్యూ ముందున్న అంకె చలిలో నూనె ఎంత తేలిగ్గా కదులుతుందో చెబుతుంది. ఎస్‌ఏఈ ప్రమాణం ప్రకారం 5డబ్ల్యూ నూనెను సున్నాకు దిగువన 30 డిగ్రీల దగ్గర, 20డబ్ల్యూ నూనెను సున్నాకు దిగువన 15 డిగ్రీల దగ్గర పరీక్షిస్తారు. అంత చలి ఏజెన్సీ గ్రామాల్లో డిసెంబరు తెల్లవారుజామున కూడా ఉండదు. అయినా ఆ అంకెకు ఇక్కడ విలువ ఉంది. పొద్దున్నే ఇంజన్ స్టార్ట్ చేసినప్పుడు పల్చటి నూనె పైభాగానికి త్వరగా చేరుతుంది. ఇంజన్ అరుగుదలలో పెద్ద భాగం ఆ మొదటి క్షణాల్లోనే జరుగుతుంది.

రెండో అంకె నూనె 100 డిగ్రీల వేడిలో ఎంత చిక్కగా ఉంటుందో చెబుతుంది. 30 గ్రేడు నూనె ఆ వేడిలో 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్స్ మధ్య ఉండాలి. 40 గ్రేడు 12.5 నుంచి 16.3 దాకా ఉంటుంది. ఇక్కడ గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. బయట 25 డిగ్రీలున్నా, 45 డిగ్రీలున్నా రేడియేటరూ థర్మోస్టాటూ కలిసి ఇంజన్‌ను దాదాపు 90 డిగ్రీల దగ్గరే నిలుపుతాయి. అంటే కొత్తగూడెం ఎండ పెరిగినంతగా నూనె వేడి పెరగదు. 0డబ్ల్యూ-16 గానీ, 0డబ్ల్యూ-20 గానీ పోయమన్న ఇంజన్‌లో బేరింగుల సందులు ఆ పల్చటి నూనెకు సరిపడేలా చేసినవి. అందులో 20డబ్ల్యూ-50 పోస్తే నూనె ఆ సందుల్లోకి చేరడం ఆలస్యమవుతుంది, మైలేజీ పడిపోతుంది. మాన్యువల్లో ఒకటికి మించిన గ్రేడులు ఇచ్చి ఉంటే, ఎండ ఎక్కువున్న చోట వాటిలో చిక్కటిది ఎంచుకోవచ్చు. మాన్యువల్ దాటి వెళ్లకూడదు.

డీజిల్ బండ్లలో మరో జాగ్రత్త ఉంది. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బీఎస్-6 ప్రమాణాలు అమల్లోకి వచ్చాయి. ఆ తర్వాతి డీజిల్ కార్లకు పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. దానికి తక్కువ బూడిద మిగిల్చే ప్రత్యేకమైన నూనె కావాలి. ట్రాక్టరుకో, పాత జీపుకో తెచ్చిన డబ్బాలో మిగిలిందని అదే నూనెను కొత్త బండిలో పోస్తే ఆ ఫిల్టర్ కాలక్రమంలో పూడుకుపోతుంది. దాన్ని మార్చాలంటే ఎన్నో ఏళ్ల ఆయిల్ ఖర్చు ఒక్కసారే పెట్టాలి.

నూనె నల్లబడిందని మార్చేవాళ్లూ ఉన్నారు. డీజిల్ ఇంజన్‌లో కొత్త నూనె కొన్ని వందల కిలోమీటర్లకే నల్లబడుతుంది. మసిని తనలో పట్టి ఉంచడం దాని పని కాబట్టి ఆ రంగు పని చేస్తున్నదానికి గుర్తు. పాల కాఫీ రంగులోకి మారితే మాత్రం నూనెలో నీరు చేరినట్టు. అప్పుడు బండిని కదపకూడదు.

డబ్బుల లెక్క

చిన్న పెట్రోలు కారుకు రకాన్ని బట్టి లీటరు 350 నుంచి 800 రూపాయల మధ్య దొరికే నూనె మూడున్నర లీటర్లు, వంద రెండు వందల రూపాయల ఫిల్టరు, ఇరవై రూపాయల వాషరు కావాలి. ఈ మూడూ ఇంట్లో మార్చినా, షెడ్డులో మార్పించినా ఒకే ఖర్చు. మిగిలేది కూలి మాత్రమే. చిన్న ఊరి షెడ్డులో కూలి రెండు మూడు వందలకు మించదు. అంటే ఖమ్మంలోనో, కొత్తగూడెంలోనో ఇంటి పక్క వీధిలో షెడ్డు ఉన్నవాళ్లకు సొంతంగా మార్చుకుంటే మిగిలేది ఆ రెండు మూడు వందలే. రింగ్ పానాలు, ఫిల్టర్ పానా, స్టాండ్లు, టబ్బు, గరాటు కొనడానికి పెట్టిన డబ్బు నాలుగైదు మార్పిడుల తర్వాతగానీ తిరిగి రాదు. డబ్బు కోసమే అయితే పట్నంలో ఇది పెద్దగా లాభం లేని పని.

కంపెనీ సర్వీస్ సెంటర్‌తో పోలిస్తే తేడా పెరుగుతుంది. అక్కడి బిల్లులో ఆయిలు, ఫిల్టరు, కూలి తర్వాత ఇంజన్ ఫ్లష్, ఏసీ శుద్ధి, అండర్ బాడీ కోటింగ్ వంటివి వరసగా చేరుతుంటాయి. కూలి మీదా, నూనె మీదా 18 శాతం జీఎస్టీ ఎలాగూ ఉంటుంది. ఆ అదనపు పనుల్లో మాన్యువల్ అడగనివి చాలా ఉంటాయి. వద్దని చెప్పే హక్కు కారు యజమానిది, చెప్పాలి కూడా.

అసలు తేడా దూరంలో ఉంది. కంపెనీ సెంటర్లు ఎక్కువగా ఖమ్మం, కొత్తగూడెం వంటి పట్టణాల్లోనే ఉంటాయి. చర్లనుంచి భద్రాచలం దాదాపు 60 కిలోమీటర్లు, అక్కడినుంచి కొత్తగూడెం మరో 40. రానూపోనూ 200 కిలోమీటర్లు. లీటరుకు 18 కిలోమీటర్లిచ్చే కారుకు పదకొండు లీటర్ల పెట్రోలు, అంటే 1,100 రూపాయలకు పైనే. దానికి తోడు ఒక రోజు పని పోతుంది. అద్దెకు తిరిగే బండైతే ఆ రోజు రాబడీ పోతుంది. వానాకాలంలో వాగులు పొంగితే వెళ్లడమే కుదరకపోవచ్చు. అందుకే గోదావరి అవతలి ఊళ్లలో చాలా కార్లకు ఆయిల్ మార్పిడి గడువు దాటిపోతుంటుంది. గడువు దాటిన నూనె ఇంజన్‌కు చేసే చేటు ముందు కూలి ఖర్చు ఒక లెక్కే కాదు. అక్కడ సొంతంగా మార్చుకోవడంలోని అసలు లాభం, టైముకు మార్చగలగడం.

వారంటీ మాటేమిటి?

కొత్త కారుకు మొదటి మూడు సర్వీసులకు కూలి తీసుకోకపోవడం మన దేశంలో మామూలు పద్ధతి. వాటిని వదులుకోవడంలో అర్థం లేదు. ఆ తర్వాత వారంటీ ఉన్నన్నాళ్లూ బయట చేయిస్తే వారంటీ పోతుందన్న భయం చాలామందిలో ఉంది. ఈ భయంలో కొంత నిజం, కొంత అతి ఉన్నాయి. 2014 ఆగస్టు 25న భారత కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా వేసింది. విడిభాగాలను, మరమ్మతు సమాచారాన్ని బయటి మెకానిక్కులకు అందకుండా చేశారన్నది ప్రధాన ఆరోపణ. బయట రిపేరు చేయించినంత మాత్రాన వారంటీ మొత్తం రద్దని గంపగుత్త షరతు పెట్టరాదని కూడా కమిషన్ ఆదేశించింది. దాని మీద కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి. 2022 డిసెంబరులో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ రిపేరు హక్కు పోర్టల్‌ను ప్రారంభించి, వాహనాల రంగాన్ని అందులో చేర్చింది.

చట్టం ఇటువైపు కదులుతున్నా, ఇంజన్ పాడై వారంటీ కోరినప్పుడు ఆయిల్ సరైనదే పోశారా, గడువులోగా పోశారా అన్న ప్రశ్న తప్పక వస్తుంది. సర్వీస్ సెంటర్ రికార్డు ఉంటే వాదన అక్కడితో ఆగుతుంది. ఇంట్లో మార్చుకున్నవారి దగ్గర నూనె బిల్లు, ఫిల్టర్ బిల్లు, మార్చిన తేదీ, కిలోమీటర్ల ఫొటో తప్ప మరేమీ ఉండవు. కాబట్టి వారంటీ ఉన్న కారును కంపెనీ దగ్గరికే పంపడం మేలు. వారంటీ దాటిన కారు విషయంలోనే ఇల్లా, షెడ్డా అన్న ఎంపిక నిజంగా మొదలవుతుంది.

ఇంటి ముందు పని

ఈ జిల్లాల్లో సొంతంగా ఆయిల్ మార్చడం కార్లతో మొదలవలేదు. సత్తుపల్లి, అశ్వారావుపేట, దమ్మపేట వైపు పామాయిల్ తోటల రైతులు, మిర్చి, పత్తి పండించేవాళ్లు ట్రాక్టర్ ఆయిలు ఇంటి ముందే మారుస్తుంటారు. ట్రాక్టర్‌కు కిలోమీటర్ల లెక్క ఉండదు, గంటల మీటరు ఉంటుంది. చాలా మోడళ్లకు 250 గంటలకోసారి మార్చాలి. ఎత్తుగా ఉండే బండి కావడంతో జాకీ అవసరం కూడా రాదు. ఆ చెయ్యి తిరిగినతనమే తర్వాత జీపులకు, కార్లకు వచ్చింది. కొత్తగూడెం, మణుగూరు కాలనీల్లో గని యంత్రాల మీద ఏళ్లపాటు పనిచేసిన ఫిట్టర్లకు కారు ఆయిల్ మార్చడం చిన్న పని.

కారు దగ్గరికి వచ్చేసరికి మొదటి ప్రమాదం నూనెలో లేదు, పైనున్న బరువులో ఉంది. డిక్కీలో కంపెనీ ఇచ్చిన జాకీ టైరు మార్చడానికే. దాని మీద నిలిపిన కారు కిందికి మనిషి దూరకూడదు. ఇటుకలు, రాళ్లు పేర్చి నిలపడం అంతకన్నా ప్రమాదం. గట్టి నేల, హ్యాండ్ బ్రేక్, వెనక చక్రాలకు అడ్డం, లోహపు స్టాండ్లు లేదా ర్యాంపు ఉంటేనే కిందికి వెళ్లాలి. ఎత్తుగా ఉండే బొలెరో వంటి బండ్లకు నేల మీద నిలిపే పని చేయవచ్చు.

ఇంజన్‌ను మూడు నాలుగు నిమిషాలు నడిపి, ఆపి, పది నిమిషాలు ఆగితే నూనె పల్చబడి మసితో సహా కిందికి దిగుతుంది. మరీ వేడిగా ఉన్నప్పుడు విప్పితే చెయ్యి కాలుతుంది. పైన ఆయిల్ మూత తీసి, కింద మెకానిక్కులు చాంబర్ అని పిలిచే నూనె తొట్టి అడుగున డ్రెయిన్ బోల్టును విప్పాలి. చాలా కార్లకు 14 లేదా 17 నంబరు రింగ్ పానా సరిపోతుంది. బోల్టు వదులైన తర్వాత చేత్తో లోపలికి నొక్కిపెడుతూ చివరి చుట్టు దాకా తిప్పి, ఒక్కసారిగా పక్కకు లాగాలి. అలా చేయకపోతే నూనె మోచేతి దాకా కారుతుంది. ధార మొదట ముందుకు దూకుతుంది, రెండు నిమిషాల్లో వెనక్కి వంగుతుంది, తర్వాత చుక్కలవుతుంది. టబ్బును ఆ దూకుడుకు తగ్గట్టు పెట్టుకోవాలి. చుక్కలు ఆగేదాకా పదిహేను నిమిషాలు ఓపిక పట్టడం మంచిది.

ఫిల్టర్ దగ్గర జరిగే తప్పు ఒకటి చాలా ఖరీదైనది. పాత ఫిల్టర్‌ను విప్పినప్పుడు దాని రబ్బరు రింగు కొన్నిసార్లు ఇంజన్‌కే అంటుకుని మిగిలిపోతుంది. అది చూడకుండా కొత్త ఫిల్టర్ బిగిస్తే రెండు రింగులు ఒకదాని మీద ఒకటి పడతాయి. అప్పటికి బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. రోడ్డెక్కాక ఒత్తిడి పెరగగానే రింగు జారి, నూనెంతా నిమిషాల్లో బయటికి పోతుంది. విప్పిన ఫిల్టర్‌ను చేతిలో తిప్పి రింగు వచ్చిందో లేదో చూడటానికి రెండు క్షణాలు పట్టదు. కొత్త ఫిల్టర్ రింగుకు వేలితో కొత్త నూనె రాసి, చేత్తో బిగించి, రింగు తాకిన తర్వాత ముప్పావు చుట్టు తిప్పితే చాలు. పానా పెట్టి బిగిస్తే వచ్చేసారి ఊడదు. కొన్ని కార్లలో డబ్బా ఫిల్టరు బదులు ప్లాస్టిక్ మూత కింద కాగితపు ఎలిమెంటు ఉంటుంది. దానితో వచ్చే రింగులన్నీ మార్చాలి.

డ్రెయిన్ బోల్టుకు కొత్త వాషర్ వేసి, ముందుగా చేత్తోనే ఎక్కించాలి. అడ్డంగా ఎక్కిన బోల్టును పానాతో తిప్పితే అల్యూమినియం చాంబర్‌లో త్రెడ్డు పోతుంది. గట్టిగా బిగిస్తే మంచిదన్న నమ్మకం ఇక్కడ చేటు చేస్తుంది. మాన్యువల్ చెప్పిన బిగువు సాధారణంగా 25 నుంచి 40 న్యూటన్ మీటర్ల మధ్యే ఉంటుంది, పొట్టి పానా పట్టిన ఒక్క చేతి బలమంత. త్రెడ్డు పోతే షెడ్డులో కొత్త త్రెడ్డు వేయించాలి, లేదా చాంబర్ మార్చాలి. అప్పుడు మిగిల్చుకున్న కూలి పదింతలై పోతుంది.

నూనెను చెప్పిన కొలతకు అర లీటరు తక్కువగా పోసి, గేజి చూస్తూ మిగతాది కలపాలి. ఎక్కువ పోస్తే తిరుగుతున్న క్రాంక్ దాన్ని చిలికి నురగ చేస్తుంది. నురగలో గాలి ఉంటుంది కాబట్టి బేరింగులకు ఒత్తిడి అందదు. స్టార్ట్ చేసిన కొన్ని క్షణాల్లో ఆయిల్ దీపం ఆరిపోవాలి. ఆరకపోతే వెంటనే ఆపేయాలి. ఆపి ఐదు నిమిషాల తర్వాత గేజి మళ్లీ చూడాలి, కిందికి వంగి బోల్టు దగ్గర, ఫిల్టర్ దగ్గర తడి ఉందేమో చూడాలి. తేదీ, కిలోమీటర్లు ఒక కాగితం మీద రాసి బానెట్ లోపలి వైపు అంటిస్తే వచ్చేసారి వెతుక్కోనక్కర్లేదు.

షెడ్డు చేసేది

మంచి మెకానిక్ ఆయిల్ మారుస్తూ మరో పది చూస్తాడు. ఆయిల్ కారుతున్న సీలు, చిరిగిన ఏక్సిల్ బూటు, అరిగిన బ్రేకు ప్యాడు, తగ్గిన కూలెంటు, చాంబర్‌కు రాయి తగిలిన సొట్ట అతనికి ఇట్టే కనిపిస్తాయి. అటవీ గ్రామాల రాళ్ల బాటల్లో తిరిగే కార్లకు చివరిది చాలా ముఖ్యం. చాంబర్ లోపలికి నొక్కుకుపోతే నూనెను పీల్చే గొట్టానికి దారి తగ్గుతుంది. ఇంటి ముందు టబ్బు పెట్టుకుని బోల్టు మీదే దృష్టి పెట్టినవారికి ఇది కంటపడకపోవచ్చు. షెడ్డులో గుంతో, లిఫ్టో ఉంటుంది, మొండికేసిన ఫిల్టర్‌కు తగిన పానాలుంటాయి.

షెడ్డు మీద ఉండే అనుమానం ఒక్కటే: పోసిన నూనె మనం డబ్బిచ్చినదేనా, అసలు ఫిల్టర్ మార్చారా అని. డ్రమ్ము నూనెను కొలిచి పోసే చోట ఈ అనుమానానికి తావుంది. దీనికి ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాల్లో జనం ఎప్పుడో ఒక దారి కనిపెట్టుకున్నారు. ఆయిలు, ఫిల్టరు, వాషరు నమ్మకమైన దుకాణంలో తామే కొనుక్కుని షెడ్డుకు వెళ్తారు. పక్కన నిలబడి మార్పించుకుంటారు. కూలి ఇస్తారు. వారంటీ దాటిన కారుకు, దగ్గర్లో షెడ్డు ఉన్న మనిషికి ఇంతకన్నా మంచి పద్ధతి లేదు. సొంతంగా చేసుకోవడంలోని భరోసా, షెడ్డు చెయ్యి తిరిగినతనం రెండూ కలిసివస్తాయి. పాత ఫిల్టర్ చూపించమని అడగడంలో మొహమాటం అక్కర్లేదు. నిఖార్సైన మెకానిక్ దానికి చిన్నబుచ్చుకోడు.

దుకాణంలో కొనేటప్పుడు నకిలీల భయం ఉంటుంది. పేరున్న కంపెనీల పాత డబ్బాల్లో నాసి నూనె నింపి అమ్మే వ్యాపారం దేశమంతటా ఉంది. మూత కింది సీలు, డబ్బా మీది బ్యాచ్ నంబరు, తయారీ తేదీ చూడాలి. క్యూఆర్ కోడ్ ఉంటే ఫోన్‌తో సరిచూసుకోవాలి. బిల్లు లేకుండా అమ్మేచోట, అచ్చు ధరకు మరీ తక్కువగా ఇచ్చేచోట కొనకూడదు. ఖాళీ అయిన డబ్బాను అలాగే పారేస్తే అది నకిలీ నింపేవాళ్ల చేతికే తిరిగి చేరుతుంది. కత్తితో కోసి పారేయాలి.

పాత నూనె ఎక్కడికి?

ఇంట్లో మార్చుకునేవారికి అసలు చిక్కు పని పూర్తయ్యాక మొదలవుతుంది. టబ్బులో మూడున్నర లీటర్ల నల్లటి నూనె మిగులుతుంది. అందులో జింకు వంటి లోహాలు, అరుగుదల నుసి, మండని ఇంధనం, పాలీసైక్లిక్ ఆరోమాటిక్ హైడ్రోకార్బన్లు ఉంటాయి. ఈ చివరివాటిలో కొన్ని క్యాన్సర్ కలిగిస్తాయి. చేతులకు గ్లౌజులు వేసుకోమనేది అందుకే. ఒక్క ఆయిల్ మార్పిడిలో వచ్చే పాత నూనె పది లక్షల గ్యాలన్ల, అంటే దాదాపు 38 లక్షల లీటర్ల మంచినీటిని చెడగొట్టగలదని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ చెబుతుంది. వాగులు చాలావరకు చివరికి కిన్నెరసానిలోనో, శబరిలోనో, గోదావరిలోనో కలిసే ప్రాంతంలో ఈ మాటను తేలిగ్గా తీసుకోలేం. ఏజెన్సీలో చేతిపంపు నీళ్లే తాగే పల్లెలు ఉన్నాయి. ఇంటి వెనక పోసిన నూనె వర్షానికి దిగేది ఆ నేలలోకే.

పాత నూనెకు పల్లెల్లో వాడకాలు లేకపోలేదు. కంచె గుంజలకు, దూలాలకు చెద పట్టకుండా పూస్తారు. బండి ఇరుసుకు రాస్తారు. దోమల కాలంలో రంపపు పొట్టు ఉండల్ని వాడిన నూనెలో నానబెట్టి మురికి గుంటల్లో వేయడం పంచాయతీలు, మున్సిపాలిటీలు కూడా చేస్తాయి. మలేరియా పీడించిన భద్రాచలం ఏజెన్సీలో దోమ లార్వాను ఆపడం పెద్ద అవసరమే. అయినా చేపలుండే చెరువులో, పశువులు నీళ్లు తాగే కుంటలో అది వేయరాదు. గుంజకు పూసిన నూనె కూడా వానకు కొంత నేలలోకి దిగుతుంది. పొయ్యిలో మండిస్తే లోహాలు పొగతో పాటు ఊపిరితిత్తుల్లోకి చేరతాయి.

వాడిన నూనె నిజానికి చచ్చిన సరుకు కాదు. అందులోని మసి, నీరు, లోహాలు తొలగించి, మళ్లీ శుద్ధి చేస్తే పనికొచ్చే మూల నూనె వస్తుంది. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనలు వాడిన నూనెను ఆ జాబితాలో చేర్చి, అనుమతి ఉన్న రీసైక్లింగ్ సంస్థలకే ఇవ్వాలన్నాయి. 2023లో వచ్చిన సవరణ 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. మూల నూనె, లూబ్రికెంట్లు తయారుచేసే, దిగుమతి చేసే కంపెనీలు వాడిన నూనెను వెనక్కి సేకరింపజేసే బాధ్యత కూడా మోయాలని ఆ సవరణ చెబుతుంది. సేకరణ ఏజెంట్లు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దగ్గర నమోదు కావాలి. ఈ ప్రాంతంలో మరో మెలిక ఉంది. 2014లో పోలవరం ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాక, భద్రాచలం ఊరు దాటి ఎటపాక చేరగానే రాష్ట్రం మారుతుంది. కాలుష్య మండలీ మారుతుంది. నది మాత్రం ఒక్కటే. చింతూరు షెడ్డు డ్రమ్ములోని నూనె ఏ మండలి లెక్కలోకి వచ్చినా, ఒలికితే చేరేది శబరిలోకీ, గోదావరిలోకీ.

చట్టం కాగితం మీద ఇంత పక్కాగా ఉన్నా, ఇంట్లో మూడు లీటర్లు మార్చుకున్న మనిషి దగ్గరికి ఏ ఏజెంటూ రాడు. అతనికి ఉన్న దారి ఒక్కటే. నూనెను ఖాళీ డబ్బాలో పోసి, మూత బిగించి, పాత నూనెను డ్రమ్ములో పోగుచేసి అమ్మే షెడ్డులో ఇవ్వాలి. ఫిల్టర్‌ను ఒక రాత్రి తలకిందులుగా నిలబెట్టి కార్చి, అదీ అక్కడే ఇవ్వాలి. ఆ నూనెలో కూలెంటు, బ్రేకు ఆయిలు, పెట్రోలు కలపకూడదు, కలిస్తే శుద్ధికి పనికిరాదు. ఇలా ఇవ్వగలిగే షెడ్డు అందుబాటులో లేనివారు ఇంట్లో మార్చకపోవడమే సరైనది. ఈ ఒక్క షరతు తేలకుండా మిగతా లాభనష్టాల లెక్కలు వేయడం దండగ.

వరద వచ్చినప్పుడు

2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. 1986 నాటి 75.6 అడుగుల తర్వాత అదే పెద్ద వరద. 2024 సెప్టెంబరు 1న మున్నేరు పొంగి ఖమ్మంలో ప్రకాశ్‌నగర్, బొక్కలగడ్డ వంటి లోతట్టు ప్రాంతాలు మునిగాయి. ఇళ్లతో పాటు కార్లూ, ఆటోలూ నీటిలో ఉండిపోయాయి. మునిగిన కారు సంగతిలో ఇల్లా, షెడ్డా అన్న చర్చకు చోటు లేదు. బురద కడిగి స్టార్ట్ చేసి చూద్దామనిపిస్తుంది. అదే చేయకూడదు. సిలిండర్‌లో నీరుంటే పిస్టన్ దాన్ని నొక్కలేక కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. మామూలు బీమాలో నీరు చేరడం వరకు పరిహారం వచ్చినా, తర్వాత స్టార్ట్ చేసినందువల్ల ఇంజన్‌కు కలిగిన నష్టాన్ని, విడిగా ఇంజన్ రక్షణ పాలసీ లేకపోతే, సాధారణంగా ఇవ్వరు. బ్యాటరీ వైరు తీసి, ఫొటోలు తీసుకుని, బీమా కంపెనీకి చెప్పి, తాడు కట్టో, లారీ మీదో షెడ్డుకు చేర్చాలి. అక్కడ నీరు కలిసిన నూనె దించి, ప్లగ్గులు తీసి సిలిండర్లు ఆరబెట్టి, కొత్త నూనె పోసి కొద్దిసేపు నడిపి, దాన్ని కూడా దించి మళ్లీ పోస్తారు. గేరుబాక్సు నూనె కూడా మార్చాలి.

షెడ్డులకు కూడా వరద ముందు చేసుకోవాల్సిన పని ఒకటుంది. భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది ఇస్తారు. పై ఊళ్లలో వానను బట్టి నీరు పెరిగే తీరు ముందే తెలుస్తుంది కాబట్టి, మొదటి హెచ్చరికకూ మూడోదానికీ మధ్య సాధారణంగా గంటల వ్యవధి దొరుకుతుంది. పల్లపు వీధుల్లోని షెడ్లు ఆ వ్యవధిలోనే పానాలు, ఇంజన్లతో పాటు పాత నూనె డ్రమ్మునూ ఎత్తైన చోటుకు చేర్చాలి. రెండు వందల లీటర్ల నిండు డ్రమ్మును ఒక్కరు కదపలేరు. అందుకే దాన్ని సగం నిండగానే అమ్మేయడం, వానాకాలం రాకముందే ఖాళీ చేసి పెట్టుకోవడం, మూతకు బిగింపు ఉన్న డ్రమ్మే వాడటం నది ఒడ్డు ఊళ్లలో ప్రతి షెడ్డూ చేసుకోగల పనులు.